బావిలో పేడ పోసిన ఊరు

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో, తూర్పు అంచున, కాంటర్‌బరీ అనే చిన్న ఊరుంది. 1831లో ఆ ఊరి పెద్దలు తమ ఆడపిల్లల కోసం ఒక మంచి బడి కావాలనుకున్నారు. ప్రూడెన్స్ క్రాండల్ అనే టీచరమ్మను పిలిపించారు. అప్పటికి ఆమెకు 28 ఏళ్లు. పుట్టింది రోడ్ ఐలండ్‌లో, క్వేకర్ల కుటుంబంలో. చదువు ప్రొవిడెన్స్‌లోని క్వేకర్ బడిలో. ఊరి మధ్య పచ్చిక మైదానానికి ఎదురుగా ఉన్న పెద్ద చెక్క ఇంటిని ఆమె అప్పుచేసి కొన్నారు. పక్కింట్లో ఉండే ఆండ్రూ జడ్సన్ అనే లాయరుతో సహా పెద్దలంతా బడికి అండగా నిలిచారు. చదువు బాగుందన్న పేరు ఏడాదిలోనే వచ్చింది.

1832 శరదృతువులో శారా హారిస్ అనే ఇరవై ఏళ్ల అమ్మాయి వచ్చి తననూ చేర్చుకోమని అడిగింది. తండ్రి స్వతంత్రుడైన నల్లజాతి రైతు. తనవాళ్ల పిల్లలకు పాఠాలు చెప్పడానికి సరిపడా చదువు ఉంటే చాలన్నది ఆమె కోరిక. బడి ఇంట్లో పనిచేసే మరో నల్లజాతి యువతి అప్పటికే ‘లిబరేటర్’ పత్రికను ప్రూడెన్స్‌కు చదవడానికి ఇస్తూ ఉండేది. బానిసత్వాన్ని వెంటనే రద్దు చేయాలంటూ విలియం లాయిడ్ గారిసన్ బోస్టన్ నుంచి నడిపిన పత్రిక అది. బైబిల్లో ప్రసంగి గ్రంథం తెరిచినప్పుడు పీడితుల కన్నీళ్ల గురించిన మాట తన కంటపడిందని, దాంతో మనసు స్థిరపడిందని ప్రూడెన్స్ తర్వాత చెప్పారు. శారాను చేర్చుకున్నారు. తెల్లజాతి తల్లిదండ్రులు తమ పిల్లలను మానిపిస్తామన్నారు. ఎపిస్కోపల్ పాస్టరు గారి భార్య వచ్చి, ఆ అమ్మాయిని ఉంచితే బడి మునిగిపోతుందని హెచ్చరించారు. మునిగితే మునగనివ్వండి గానీ ఆమెను పంపించనని ప్రూడెన్స్ తేల్చిచెప్పారు.

అంతటితో ఆగలేదు. ఉన్న బడినే మూసేసి, నల్లజాతి అమ్మాయిల కోసం కొత్తగా తెరవాలని నిశ్చయించుకున్నారు. 1833 మార్చి 2 నాటి లిబరేటర్‌లో ప్రకటన వచ్చింది. చదవడం, రాయడం, లెక్కలతో పాటు భూగోళం, చరిత్ర, రసాయన శాస్త్రం, ఖగోళం, చిత్రలేఖనం, పియానో, ఫ్రెంచి నేర్పుతారు. ఫీజు మూడు నెలలకు 25 డాలర్లు. వారం తిరగకుండా ఊరివాళ్లు చర్చి భవనంలో సభ పెట్టి ఈ బడి వద్దని తీర్మానించారు. ఆడది కాబట్టి ప్రూడెన్స్‌కు ఆ సభలో మాట్లాడే హక్కు లేదు. ఆమె తరఫున మాట్లాడటానికి పొరుగూరు బ్రూక్లిన్ నుంచి వచ్చిన యూనిటేరియన్ పాస్టరు శామ్యూల్ మేను నోరు తెరవనివ్వలేదు. నిరుటిదాకా బడికి పెద్దదిక్కుగా ఉన్న జడ్సనే ఇప్పుడు వ్యతిరేకులకు నాయకుడు.

ఏప్రిల్ 1న బడి తెరుచుకుంది. బోస్టన్, ప్రొవిడెన్స్, న్యూయార్క్, ఫిలడెల్ఫియాల నుంచి అమ్మాయిలు ఒక్కొక్కరుగా వచ్చి చేరారు. చివరికి ఇరవైమంది దాటారు.

ఆ తర్వాతి పదిహేడు నెలల చరిత్రను చాలామంది కోర్టు కేసుల కథగా చెబుతారు. కేసులు ముఖ్యమే. కానీ ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు ప్రతి పొద్దూ ఎదురైంది వేరే పని. రాత్రి ఎవరో విసిరిన గుడ్ల సొన గోడల మీద ఎండి పట్టేసేది. గుమ్మం ముందు చెత్త ఉండేది. కిటికీలోంచి రాయి వచ్చిపడితే గాజు ముక్కలు ఏరాలి. షికారుకు వెళ్తే పోకిరీలు బూరలూదుతూ వెంటపడి పేడా, కోడి తలకాయలూ విసిరేవాళ్లు. ఇంటికొచ్చి బట్టలు ఉతుక్కోవాలి. ఉతుక్కోవడానికి నీళ్లేవి? ఇంటి బావిలో పేడ పోశారు. ఇరుగుపొరుగు ఒక్క బకెట్ నీళ్లివ్వలేదు. ప్రూడెన్స్ తండ్రి పార్డన్ క్రాండల్ రెండు మైళ్ల అవతలున్న తన పొలం నుంచి బండి మీద నీళ్లు మోసుకొచ్చేవారు. ఊళ్లో కొట్లవాళ్లు సరుకులు అమ్మడం మానేశారు, డాక్టరు వైద్యం చేయనన్నాడు. ఎదురుగా ఉన్న చర్చిలోకి అమ్మాయిలను రావద్దన్నారు. ఆరాధన కోసం వాళ్లు ప్యాకర్‌విల్‌లోని బాప్టిస్టు చర్చికి వెళ్లాల్సి వచ్చింది.

కడగడం, ఊడవడం, నీళ్లు తేవడం, మళ్లీ పుస్తకం ముందు కూర్చోవడం. ఈ పిల్లల్లో చాలామందికి పద్నాలుగు, పదిహేను, పదిహేడేళ్లు. ఇంటికి వెళ్లిపోతే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. అయినా ఉన్నారు. నాకు ఈ కథలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. దాడులు చేసినవాళ్లలో కొందరి పేర్లయినా రికార్డుల్లో దొరుకుతాయి. పొద్దున్నే లేచి ఆ గోడలు కడిగినవాళ్ల ఊసు ఎక్కడో ఒకచోట తప్ప కనిపించదు.

మన పాఠకులకు ఇక్కడ సావిత్రిబాయి ఫూలే గుర్తుకు రాకుండా ఉండరు. 1848 నుంచి పుణేలో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి వెళ్తూ, దారిలో బురదా పేడా మీద పడతాయని ఆమె మరో చీర వెంట పెట్టుకుని వెళ్లేవారని చెబుతారు. ఆమె భర్త జోతిరావు ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ పుస్తకాన్ని నల్లజాతి బానిసల విముక్తి కోసం త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. ఆ అంకితం ఎవరెవరికి చెందుతుందని లెక్కవేస్తే కాంటర్‌బరీ అమ్మాయిలకూ అందులో వాటా ఉంటుంది.

రాళ్లతో పని జరగలేదని పెద్దమనుషులు చట్టాన్ని పట్టుకున్నారు. మొదట పాత దేశదిమ్మరి చట్టాన్ని తవ్వితీశారు. ప్రొవిడెన్స్ నుంచి వచ్చిన ఆన్ ఎలైజా హామండ్‌కు పదిహేడేళ్లు. ఊరు విడిచిపోకపోతే వారానికి డాలరు 67 సెంట్ల జరిమానా, అదీ కట్టకపోతే వీపు మీద పదికి మించకుండా కొరడా దెబ్బలు అని నోటీసు ఇచ్చారు. శామ్యూల్ మే, ఆయన మిత్రులు కలిసి పదివేల డాలర్ల పూచీకత్తు పెట్టారు. ఆ అమ్మాయి మాత్రం దెబ్బలకైనా సిద్ధపడి కూర్చుంది. వ్యవహారం అక్కడితో ఆగింది.

మే 24న రాష్ట్ర శాసనసభ ఏకంగా కొత్త చట్టమే చేసింది. వేరే రాష్ట్రాల నల్లజాతివాళ్లకు చదువు చెప్పే బడి పెట్టాలంటే ఆ ఊరి అనుమతి ఉండాలి. జనం దాన్ని నల్లచట్టం అన్నారు. వార్త తెలిసిన సాయంత్రం ఊళ్లో చర్చి గంట మోగించారని, ఫిరంగి పేల్చారని ఒక విద్యార్థిని లిబరేటర్‌కు రాసింది. జూన్ 27న ప్రూడెన్స్‌ను అరెస్టు చేశారు. జామీను వెంటనే కట్టగల మిత్రులున్నా, చట్టం అసలు రూపం లోకానికి తెలియాలని ఒక రాత్రి బ్రూక్లిన్ జైల్లో ఉండటానికి సిద్ధపడ్డారు. మొదటి విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. అక్టోబరులో జరిగిన రెండో విచారణలో జడ్జి డేవిడ్ డాగెట్, నల్లజాతివాళ్లు రాజ్యాంగం చెప్పే పౌరులు కారని జ్యూరీకి వివరించాడు. శిక్ష పడింది. 1834 జూలైలో పై కోర్టు కేసును సాంకేతిక లోపం మీద కొట్టేసింది. అసలు ప్రశ్నను ముట్టుకోలేదు. డాగెట్ మాటను 1857లో, నల్లజాతివాళ్లు పౌరులు కాలేరని తేల్చిన డ్రెడ్ స్కాట్ కేసులో, అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉదహరించాడంటే ఆ చిన్న ఊరి కేసు ఎంత దూరం పోయిందో చూడండి.

ఈ మధ్యలోనే, 1834 జనవరిలో, ఇంటికి ఎవరో నిప్పు పెట్టారు. గడియారం బాగుచేయడానికి వచ్చిన ఫ్రెడరిక్ ఓల్నీ అనే నల్లజాతి వ్యక్తి పొగ సంగతి పసిగట్టి ఆర్పడానికి సాయపడ్డాడు. తీరా అతన్నే నిందితుడిగా బోనెక్కించారు. జ్యూరీ కొద్దిసేపట్లోనే నిర్దోషి అంది. మాడిన చెక్కలు తీసేసి బడి మళ్లీ నడిచింది.

సెప్టెంబరు 9 అర్ధరాత్రి జరిగింది మాత్రం కడిగేస్తే పోయేది కాదు. ఇనప కడ్డీలు, దుడ్డుకర్రలు పట్టుకున్న గుంపు ఇంటిని చుట్టుముట్టి కిటికీలను ఒకేసారి బాదింది. ఆనాటి కిటికీల్లో ఒక్కోదానికి చిన్న చిన్న అద్దాలు ఎన్నో. దాదాపు 90 పగిలాయి. కింది గదులు ఉండటానికి పనికిరాకుండా పోయాయి. కొత్త అద్దాలు వేస్తే మళ్లీ పగలగొడతారు, ఈసారి పిల్లల ప్రాణాల మీదికి రావచ్చు. మర్నాడు శామ్యూల్ మే వచ్చి, ఇక ఇళ్లకు వెళ్లిపొమ్మని ఇరవైమంది అమ్మాయిలకు చెప్పారు. ఆ మాట చెబుతున్నప్పుడు తన రాష్ట్రాన్ని తలుచుకుని సిగ్గుపడ్డానని ఆయన తర్వాత రాశారు.

బడి మూతపడింది గానీ బడి మనుషులు చెల్లాచెదురై మాయం కాలేదు. శారా హారిస్ పెళ్లి చేసుకుని రోడ్ ఐలండ్‌లోని కింగ్‌స్టన్‌లో స్థిరపడి బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలో చివరిదాకా పనిచేసింది. పెద్దకూతురికి ప్రూడెన్స్ క్రాండల్ అనే పేరు పెట్టుకుంది. జూలియా విలియమ్స్ న్యూ హాంప్‌షైర్‌లోని కేనన్‌కు, నోయెస్ అకాడమీలో చదవడానికి వెళ్లింది. నల్లజాతి, తెల్లజాతి పిల్లలు కలిసి చదివే బడి అది. 1835 ఆగస్టులో వందలమంది మగవాళ్లు పదుల జతల ఎడ్లను కట్టి, ఆ బడి భవనాన్ని పునాదుల మీంచి ఊడబెరికి ఈడ్చుకుపోయారు. రెండేళ్లలో రెండు బడులు ఆమె కళ్లముందే పోయాయి. ఆమె మూడో బడి వెతుక్కుంది. న్యూయార్క్ రాష్ట్రంలో బెరియా గ్రీన్ అనే పాస్టరు నడిపే ఒనైడా ఇన్‌స్టిట్యూట్‌కు చేరింది. కేనన్‌లో తోటి విద్యార్థులైన హెన్రీ హైలాండ్ గార్నెట్, అలెగ్జాండర్ క్రమెల్ కూడా అక్కడికే వచ్చారు. గార్నెట్‌ను జూలియా పెళ్లాడింది. 1865 ఫిబ్రవరిలో అమెరికా ప్రతినిధుల సభా మందిరంలో ప్రసంగించిన తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే.

కాంటర్‌బరీ తన వంతు శుభ్రం చేసుకోవడానికి యాభై ఏళ్లు పట్టింది. నల్లచట్టం 1838లోనే రద్దయింది. ఊరు మాత్రం 1886లో కదిలింది. వందమందికి పైగా ఊరివాళ్లు సంతకాలు పెట్టి, అప్పటికి కాన్సస్‌లో పేదరికంలో ఉన్న ప్రూడెన్స్‌కు పరిహారం ఇవ్వాలని శాసనసభను అడిగారు. సంతకాలు సేకరించినవాళ్లలో జడ్సన్ బంధువులూ ఉన్నారంటారు. రచయిత మార్క్ ట్వేన్ గట్టిగా మద్దతిచ్చి, పాత ఇంటిని కొనిస్తానని కూడా ముందుకొచ్చారు. ఆమె వద్దన్నారు. ఏడాదికి 400 డాలర్ల పింఛను మంజూరైంది. నాలుగేళ్లు అందుకుని 1890లో కన్నుమూశారు. ఆ ఇల్లు 1984 నుంచి మ్యూజియం. పింఛను సరైన పనే. అయితే డబ్బు అందింది టీచరుకే. గోడలు కడిగిన అమ్మాయిలకు ఆ పింఛను చట్టంలో చోటు లేదు.

పగలగొట్టిన చోటే బడి మళ్లీ లేచిన కథ కావాలంటే టెన్నెసీలోని మెంఫిస్‌కు వెళ్లాలి. అంతర్యుద్ధం మధ్యలో, 1862లో, లుసిండా హంఫ్రీ అనే నర్సు సైనిక శిబిరంలో బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. అమెరికన్ మిషనరీ అసోసియేషన్ అండతో ఆ బడి మరుసటి ఏడు మెంఫిస్‌కు మారింది. 1866 మే 1 నుంచి మూడు రోజులపాటు పోలీసులతో సహా తెల్లజాతి గుంపులు నల్లజాతి వాడల మీద పడ్డాయి. 46 మంది నల్లజాతివాళ్లు చనిపోయారు. 91 ఇళ్లు, 4 చర్చిలతో పాటు బడులూ కాలిపోయాయి. నల్లజాతివాళ్ల బడి అన్నది నగరంలో మిగల్లేదు. కాలుతున్న పొరుగింట్లోంచి మనుషులను కాపాడటానికి వెళ్లిన రేచెల్ హాచర్ అనే బడిపిల్లను కాల్చి చంపారు. కాంగ్రెస్ పంపిన ముగ్గురు సభ్యుల సంఘం నెలల్లోనే వివరమైన నివేదిక ఇచ్చింది. ఒక్కరికీ శిక్ష పడలేదు.

టీచర్లలో చాలామంది ప్రాణభయంతో నగరం వదిలారు. కానీ హంఫ్రీ మొదలుపెట్టిన ఆ బడిని మళ్లీ కట్టారు. 1867లో 150 మంది విద్యార్థులతో, ఆరుగురు టీచర్లతో తెరిచారు. ఈ కథలో నేను అందరికంటే ఎక్కువగా తలుచుకునేది ఆ 150 మంది ఇళ్లలోని పెద్దలను. ఏడాది కిందట ఆ ఊళ్లో ఏమైందో వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా పిల్లలను పంపారు.

1870లో పెన్సిల్వేనియాకు చెందిన బానిసత్వ వ్యతిరేకి, డాక్టర్ ఫ్రాన్సిస్ జూలియస్ లమోయిన్, ఈ బడిని టీచర్లకు శిక్షణనిచ్చే సంస్థగా పెంచడానికి 20,000 డాలర్లు ఇచ్చారు. మరుసటి ఏడు అది ఆయన పేరుతో తెరుచుకుంది. వెంటనే పచ్చజ్వరం తగులుకుంది. 1873లో ఒకసారి, నగరంలో వేలమందిని పొట్టనబెట్టుకున్న 1878లో మరోసారి. బడి సిబ్బందిలోనూ కొందరు పోయారు. ఆండ్రూ స్టీల్ అనే ప్రిన్సిపాల్ మూడు దశాబ్దాలకు పైగా దాన్ని నిలబెట్టారు. అక్కడ చదివినవాళ్లు మెంఫిస్‌లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ టీచర్లయ్యారు. 1930 నాటికి అది నాలుగేళ్ల కాలేజీ అయింది. 1968లో బాప్టిస్టుల ఓవెన్ కాలేజీతో కలిసి లమోయిన్-ఓవెన్ కాలేజీగా మారింది. ఇప్పటికీ మెంఫిస్‌లోనే, వాకర్ అవెన్యూలో నడుస్తోంది.