జుబేదా: ముద్దుపేరే అసలు పేరైన కథ

మన ఇళ్ళల్లో ఆడపిల్ల పుట్టగానే ఒక పేచీ మొదలవుతుంది. అఖీఖా రోజు దగ్గర పడుతుంది గాని పేరు తేలదు. "జుబేదా అని పెట్టండర్రా, మా అమ్మ పేరు" అంటుంది నానీమా. "అది మరీ పాతకాలం పేరు అమ్మీ, బడిలో పిల్లలు నవ్వుతారు" అంటుంది కూతురు. "పైగా అందరూ జుబ్బీ, జుబ్బూ అని పిలిచి పేరు కాస్తా పాడుచేస్తారు" అంటాడు అల్లుడు. ఎవరి మాట ఒప్పో తేల్చేముందు ఆ పేరు చరిత్ర కొంచెం తెలుసుకుందాం.

అసలు జుబేదా అన్నదే ఒక ముద్దుపేరు! క్రీ.శ. 762లో బాగ్దాదు నగరానికి పునాది వేసిన అబ్బాసీ ఖలీఫా అల్ మన్సూర్‌కు ఒక మనవరాలు ఉండేది. ఆమెకు పెట్టిన పేరు అమతుల్ అజీజ్. పాప తెల్లగా, బొద్దుగా ఉండేదట. తాతగారు ఎత్తుకుని ఆడిస్తూ "జుబైదా" అని పిలిచేవారట. అరబ్బీలో జుబ్ద అంటే వెన్న. హసన్ నుంచి హుసైన్ వచ్చినట్టే జుబ్ద నుంచి జుబైదా వచ్చింది. అంటే చిన్న వెన్నముద్ద. మన తెలుగు తల్లులు చంటిపిల్లను ఎత్తుకుని అనే మాటా అదే కదా!

ఆ వెన్నముద్దే పెరిగి పెద్దదై ఖలీఫా హారూన్ అల్ రషీద్‌కు భార్య అయింది. హజ్ యాత్రకు వెళ్ళి, మక్కాలో యాత్రికులు నీటికి పడే అవస్థ చూసింది. కొండలు తొలిపించి, హునైన్ వైపు నుంచీ నోమాన్ లోయ నుంచీ నీళ్ళు వచ్చేలా కాలువలు కట్టించింది. లెక్కలు చూపబోతే, "ఈ లెక్క ఆ లెక్కల రోజుకే వదిలేశాను" అని కాగితాలు నదిలో వేయించిందని చెప్పుకుంటారు. ఆ ఐన్ జుబైదా నీళ్ళు 20వ శతాబ్దం దాకా మక్కా దాహం తీర్చాయి. కూఫా నుంచి మక్కా వరకు 1,400 కిలోమీటర్ల పైచిలుకు దారిలో బావులు, చెరువులు, మజిలీలు ఏర్పరచడానికి ఆమె ఇచ్చిన సాయం వల్ల ఆ దారికే దర్బ్ జుబైదా అన్న పేరు నిలిచింది. 813లో అన్నదమ్ముల పోరులో కొడుకు అమీన్ హతుడైతే ఆ కడుపుకోత కూడా భరించింది. 831లో కన్నుమూసింది. అమతుల్ అజీజ్ ఎవరంటే ఈనాడు చెప్పగలిగేవారు కొద్దిమందే. జుబైదాను మాత్రం లోకం మరచిపోలేదు.

కాబట్టి, ముద్దుపేరు పెడితే పేరు పాడవుతుందన్న భయం అక్కర్లేదు. ఇంట్లో జుబ్బీ అనండి, జుబ్బూ అనండి, అది ప్రేమ. కాగితాల దగ్గర మాత్రం జాగ్రత్త సుమా! ఇంటి పట్టాలో జుబేదాబీ, రేషను కార్డులో జుబేదమ్మ, ఆధార్‌లో జుబేదా బేగం అని ఉంటే, ఆ ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేసుకోలేక పింఛను కోసం తిరిగి తిరిగి అలిసిపోయే ముసలమ్మలు మనలో లేరా? పుట్టిన సర్టిఫికెట్‌లో ఏ అక్షరాలు రాయిస్తామో బడిలోనూ, తక్కిన కాగితాల్లోనూ అవే రాయించాలి.

ఇక పాత పేరంటారా? పన్నెండు వందల ఏళ్ళు నలిగిన పేరు పాతదే, నిజమే. కాని అది దాహం తీర్చిన చేతి పేరు. నానీమా మాట వినండి. పిల్లకు ఆ పేరు పెట్టి ఊరుకోకండి, ఆ కథ కూడా చెప్పండి. బడిలో ఎవరైనా నవ్వితే, జవాబు పిల్లే చెప్పుకుంటుంది.