బీటెక్ మార్కులు ఎలా లెక్కిస్తారు? 58 వచ్చినా ఫెయిల్ ఎందుకవుతారు?

హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీల్లో ఉద్యోగానికి దరఖాస్తు చేసే ఫ్రెషర్లను చాలా చోట్ల ముందుగా అడిగేవి రెండే: పర్సంటేజీ ఎంత, బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయా? కూకట్‌పల్లిలోని జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీల్లో 2022-23లో చేరిన బ్యాచ్ నుంచి ఆర్-22 నిబంధనలు మొదలయ్యాయి. వాటి ప్రకారం ఈ లెక్కలు ఎలా ఉంటాయో చూద్దాం.

ఒక సబ్జెక్టుకు 100 మార్కులు ఎలా?

ఇంటర్నల్స్‌కు 40, సెమిస్టర్ చివరి పరీక్షకు 60. అంతకుముందు ఆర్-18లో ఇది 25, 75గా ఉండేది. అంటే ఏడాది పొడవునా చదివే చదువుకు విలువ పెరిగింది.

ఇంటర్నల్స్‌లో ఏముంటాయి?

- మిడ్ పరీక్ష: 30 మార్కులు (ఆబ్జెక్టివ్ 10, డిస్క్రిప్టివ్ 20)
- అసైన్‌మెంట్: 5 మార్కులు
- వైవా, పీపీటీ, పోస్టర్ లేదా కేస్ స్టడీ: 5 మార్కులు

మిడ్‌లు రెండు. వాటి సగటునే తీసుకుంటారు, ఎక్కువ వచ్చినదాన్ని కాదు. మొదటి మిడ్‌లో 12, రెండో మిడ్‌లో 28 వస్తే మీ ఖాతాలో పడేది 20.

పాస్ కావాలంటే ఎన్ని రావాలి?

మూడు షరతులూ దాటాలి.

- ఇంటర్నల్స్‌లో 40కి 14
- చివరి పరీక్షలో 60కి 21
- మొత్తం 100కి 40

ఇంటర్నల్స్‌లో 38, చివరి పరీక్షలో 20 వచ్చాయనుకోండి. మొత్తం 58. అయినా ఫెయిలే, ఎందుకంటే రెండో షరతుకు ఒక్క మార్కు తగ్గింది. అలాగే 14, 21 వచ్చినా చాలదు. రెండూ కలిపితే 35 మాత్రమే.

హాజరు తగ్గితే?

మొత్తం మీద 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం, ఆధారాలు చూపి, రుసుము కట్టి మినహాయింపు కోరవచ్చు. 65 కంటే తగ్గితే మినహాయింపు ఉండదు.

సీజీపీఏను పర్సంటేజీగా ఎలా మార్చాలి?

సీజీపీఏలోంచి 0.5 తీసేసి 10తో గుణించాలి. 6.5 ఉంటే 60 శాతం, 7.5 ఉంటే 70 శాతం. నేరుగా 10తో గుణించి దరఖాస్తులో 65 శాతం అని రాస్తే, సర్టిఫికెట్ల పరిశీలనలో తేడా బయటపడుతుంది.

మార్కులు తక్కువ వేశారనిపిస్తే?

చివరి పరీక్షకు రెండు దారులున్నాయి. రీకౌంటింగ్‌లో వేసిన మార్కులను మళ్లీ కూడతారు, అంతే. రీవాల్యుయేషన్‌లో జవాబు పత్రాన్ని మళ్లీ దిద్దుతారు. కూడికలో పొరపాటు జరిగిందనుకుంటే మొదటిది, రాసిన జవాబుకు న్యాయం జరగలేదనుకుంటే రెండోది. గడువు, ఫీజు ఫలితాల నోటిఫికేషన్‌లో ఉంటాయి. మిడ్ మార్కులపై సందేహం ఉంటే మాత్రం పేపర్ ఇచ్చినప్పుడే కాలేజీలో అడగాలి.

ప్రశ్న పక్కన ఉండే ‘సీఓ’ ఏంటి?

సీఓ అంటే కోర్స్ అవుట్‌కమ్. ఆ సబ్జెక్టు పూర్తయ్యాక విద్యార్థికి ఏం చేయడం రావాలో చెప్పే వాక్యం. డేటాబేస్ సబ్జెక్టులో ‘ఇచ్చిన అవసరానికి తగ్గ పట్టికలు రూపొందించడం’ అలాంటిదే. కాలేజీ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ, విద్యార్థులు ఏ అవుట్‌కమ్ ఎంతవరకు సాధించారో చూపమని కాలేజీలను అడుగుతుంది. అందుకే చాలా కాలేజీలు మిడ్ పేపర్లలో ప్రతి ప్రశ్నకూ సీఓ నంబర్ వేస్తాయి.

అయితే కాలేజీ లెక్క తరగతి మొత్తానిది. మీకు ఏది రాలేదన్నది ఆ సగటులో కనిపించదు. ఇద్దరికి మిడ్‌లో 18 రావచ్చు. ఒకరు నిర్వచనాలు బట్టీపట్టి తెచ్చుకుని ఉంటారు, ఇంకొకరు లెక్కలు చేసి తెచ్చుకుని ఉంటారు. ఇంటర్వ్యూలో కోడ్ రాయమన్నప్పుడు ఆ తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు ఏం చేయాలి?

మొదటి మిడ్ పేపర్ చేతికి రాగానే, మార్కులు పోయిన ప్రశ్నల సీఓ నంబర్లు రాసుకోండి. ఒకే నంబర్ రెండుసార్లు కనిపిస్తే మీ లోటు అక్కడే ఉంది. దాన్ని లెక్చరర్‌కు చూపించి అడగండి. రెండో మిడ్‌కు, చివరి పరీక్షకు ఇంకా సమయం ఉంటుంది.

గమనిక: అటానమస్ కాలేజీలకు సొంత నిబంధనలు ఉంటాయి. 2025-26లో, ఆ తర్వాత చేరినవారు తమ బ్యాచ్ నిబంధనల పుస్తకాన్నే చూసుకోవాలి.