మెడ సన్నదా, మన చెయ్యి మొద్దుదా? మాండొలిన్ మెడ వెనక ఉన్న చరిత్ర

పోస్టు కొంచెం పెద్దదే. మాండొలిన్ కొందామనుకునే వాళ్లూ, కొని మూలన పెట్టేసిన వాళ్లూ ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మా హాస్టల్లో నలుగురం డబ్బులు వేసుకుని మాండొలిన్ కొందామని టౌనుకి వెళ్లాం. షాపాయన మెరిసే మాండొలిన్ ఒకటి తీసి చేతిలో పెట్టాడు. "సన్న మెడ, స్పీడుగా పోతుంది, అందరూ ఇదే అడుగుతారు" అన్నాడు. మాలో చెయ్యి పెద్దగా ఉన్న తమ్ముడు దాన్ని పట్టుకుని పది నిమిషాలు వాయించాడో లేదో బొటనవేలు కింద కండ పట్టేసింది. వేలు ఒక తీగ మీద పెడితే పక్క తీగకు కూడా తగులుతోంది. అది చూసి షాపాయన నవ్వుతూ, "పొలం పని చేసిన చేతులు కదా, వీటికి ఇలాంటివి రావులే" అన్నాడు. మేం కొనకుండానే వచ్చేశాం. దారి పొడుగునా తమ్ముడు మాట్లాడలేదు. వారం రోజులు ప్రాక్టీసు వైపే రాలేదు.

ఆ మాటకు జవాబు వెతుకుదామని మాండొలిన్ చరిత్ర చదవడం మొదలుపెట్టాం. లావు మెడ, సన్న మెడ అనే తేడా ఎవరి చేతుల తెలివి వల్లా రాలేదని అప్పుడు తెలిసింది. అది తీగల బలం వల్ల, కర్ర బలం వల్ల వచ్చిన తేడా.

మాండొలిన్ పుట్టింది ఇటలీలో. మనకు తెలిసిన జంట తీగల రకాన్ని 1700ల మధ్యకాలంలో నేపుల్స్ నగరంలో వినాచ్చియా అనే కుటుంబం తయారుచేసింది. నాలుగు జతలు, మొత్తం ఎనిమిది తీగలు. 19వ శతాబ్దంలో ఆ కుటుంబానికే చెందిన పాస్క్వాలే వినాచ్చియా ఉక్కు తీగలు, పళ్ల చక్రాల బిరడలు వాడుకలోకి తెచ్చాడు. దాంతో శబ్దం పెరిగింది, దాని వెంబడే లాగుడు కూడా పెరిగింది. ఇప్పటి మాండొలిన్ మీద ఎనిమిది ఉక్కు తీగలు బిగిస్తే అన్నీ కలిసి మెడను లాగే బలం దాదాపు 70 కేజీలు ఉంటుంది. అంటే ఒక పెద్ద మనిషి బరువు రాత్రీ పగలూ ఆ చిన్న కర్ర మీద వేలాడినట్టే. ఇంత లాగుడుకి కర్ర వంగకుండా ఉండాలంటే పాత రోజుల్లో ముఖ్యమైన దారి కర్రను లావుగా ఉంచడం.

తర్వాతి మలుపు అమెరికాలో జరిగింది. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ ఊళ్లో ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన వయొలిన్‌లా పై చెక్కను వంపుగా చెక్కి మాండొలిన్లు చేశాడు. 1898లో దానికి పేటెంట్ వచ్చింది. 1902లో ఆయన పేరుతో కంపెనీ మొదలైంది. అప్పట్లో అమెరికాలో ఊరూరా, కాలేజీ కాలేజీకీ మాండొలిన్ క్లబ్బులుండేవి. ఆ కంపెనీ తొలినాళ్లలో చేసిన మాండొలిన్లకు మెడలు బాగా లావుగా ఉండేవి. చేతి నిండా వచ్చే ఆ మెడల కోసం పాత మాండొలిన్లను వెతుక్కుని వాయించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

1920ల మొదట్లో అదే కంపెనీలో పనిచేసే థడియస్ మెక్‌హ్యూ ఒక ఉపాయం కనిపెట్టాడు. మెడ లోపల సన్నటి ఉక్కు కడ్డీ పెట్టి, ఒక చివర నట్టు బిగించే ఏర్పాటు చేశాడు. తీగలు మెడను ముందుకు లాగుతుంటే, నట్టు బిగించిన కొద్దీ కడ్డీ వెనక్కి లాగుతుంది. దీన్నే ట్రస్ రాడ్ అంటారు. 1923లో దీనికి పేటెంట్ ఇచ్చారు. అప్పటిదాకా కర్ర మోసిన పనిలో కొంత ఉక్కు పంచుకోవడంతో మెడను సన్నగా చెక్కడానికి వీలైంది. 1922లో లాయిడ్ లోర్ పర్యవేక్షణలో వచ్చిన ఎఫ్-5 అనే పేరున్న మాండొలిన్ కూడా ఈ కాలానిదే. తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది దాని నమూనానే పట్టుకున్నారు.

గమనించండి, ఉక్కు కడ్డీ వచ్చింది మెడ వంగకుండా ఉండటానికి. మెడ సన్నబడటం దాని వల్ల దొరికిన వెసులుబాటు. కడ్డీ ఉన్నా లావుగా చెక్కుకోవచ్చు, అలా చేసేవాళ్లూ ఉన్నారు. సన్న మెడ కొందరి చేతికి హాయి, లావు మెడ ఇంకొందరి చేతికి హాయి. సన్నదే మంచిదన్నది అమ్మేవాళ్ల మాట.

లావు మెడ ఎందుకు హాయిగా ఉంటుందో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. గొడ్డలి కామ గుర్తు తెచ్చుకోండి. మా తాత కామ చెక్కేటప్పుడు మధ్యమధ్యలో ఆగి పిడికిలి బిగించి చూసుకునేవాడు. కామ మరీ సన్నగా ఉంటే చేతిలో తిరిగిపోతుంది. తిరక్కుండా ఇంకా గట్టిగా పట్టుకుంటాం. గట్టిగా పట్టిన కొద్దీ చెయ్యి తొందరగా అలిసిపోతుంది, బొబ్బలొస్తాయి. పిడికిలి నిండా వచ్చే కామ అయితే వదులుగా పట్టినా నిలుస్తుంది. మాండొలిన్ మెడ కూడా అంతే. పెద్ద చేతికి సన్న మెడ దొరికితే బొటనవేలు పట్టకారులా నొక్కుతుంది, మిగతా వేళ్లు మరీ మడత పడతాయి. మెడ చేతి నిండా ఉంటే వేళ్లు పైనుంచి తీగ మీదకి నిటారుగా దిగుతాయి. షాపాయన వెక్కిరించిన ఆ పొలం పనిలోనే మాకు జవాబు దొరికింది.

కొనేటప్పుడు మేం నేర్చుకున్నవి చెప్తాం.

మొదటిది, మందం వేరు, వెడల్పు వేరు. మందం అంటే తీగల వైపు నుంచి అరచేతి వైపుకి ఉండే లోతు. వెడల్పు అంటే తీగలు పరుచుకునే జాగా. తల దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ దగ్గర చాలా మాండొలిన్లకు వెడల్పు 28.5 మిల్లీమీటర్లు ఉంటుంది. కొన్నింటికి 30 దాకా ఉంటుంది. వేలు పక్క తీగకు తగులుతుంటే వెడల్పు చూడండి. బొటనవేలు కింద నొప్పి వస్తుంటే మందం చూడండి. మా తమ్ముడికి రెండు బాధలూ ఉన్నాయి, కాబట్టి రెండూ చూడాల్సి వచ్చింది.

రెండోది, మెడ వెనక ఆకారం. కొన్ని గుండ్రంగా ఉంటాయి, కొన్ని పడవ అడుగులా మధ్యలో కోసుగా ఉంటాయి. కళ్లు మూసుకుని చెయ్యి పైకీ కిందకీ జరిపితే మీ అరచేయే చెప్తుంది.

మూడోది, తప్పు మెడదేనా అని చూడాలి. తీగలు మెట్ల మీద మరీ ఎత్తుగా ఉంటే ఎంత మంచి మెడైనా చెయ్యి నొప్పెడుతుంది. ఆ ఎత్తు బ్రిడ్జి దగ్గర తగ్గించుకోవచ్చు. పాత మాండొలిన్ అయితే తల వైపు నుంచి కన్ను ఆనించి, బాణం చూసినట్టు మెడ పొడుగునా చూడండి. బాగా వంగి ఉంటే వదిలేయండి.

నాలుగోది, షాపులో కనీసం పావుగంట వాయించండి. రెండు నిమిషాల్లో ఏ మెడైనా బాగానే ఉంటుంది. సిగ్గుపడొద్దు, డబ్బులు మనవి.

ఐదోది, కొంచెం లావు ఎక్కువైనా పర్వాలేదు. పనితెలిసినవాళ్లు లావు మెడను చెక్కి తగ్గించగలరు, సన్న మెడకు కర్ర అతకడం మాత్రం కష్టం. లోపల కడ్డీ ఉంటుంది కాబట్టి ఆ చెక్కుడు పని మనం సొంతంగా చెయ్యకూడదు.

ఈ విషయం మాట్లాడినప్పుడు గ్రూపులో ఒక అక్క అడిగింది: "మనకు డోలు, కొమ్ము ఉన్నాయి, ప్రధానులు, తోటీలు వాయించే కిక్రీ ఉంది. ఎక్కడో ఇటలీ వాయిద్యం మనకెందుకు?" న్యాయమైన ప్రశ్న. కిక్రీ స్థానంలో మాండొలిన్ పెట్టాలని మేం అనడం లేదు. కానీ ఒక వాయిద్యం ఎవరిదో తేల్చేది అది పుట్టిన ఊరొక్కటే కాదు. పశ్చిమ గోదావరి పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ గారు ఆరేళ్ల వయసులో నాన్నగారి మాండొలిన్ పట్టుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడి వినిపిస్తే ఈయన తీగ మీద పలికించేవారు. జంట తీగలతో గమకం సరిగ్గా పలకదు కాబట్టి ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నారు. కర్ణాటక సంగీతానికి మాండొలిన్ పనికిరాదన్న వాళ్ల ముందే కచేరీలు చేశారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. ఆయన సంగీతాన్ని తగ్గించుకోలేదు, వాయిద్యాన్నే మార్చుకున్నారు.

చివరికి మేం ఇంకో చోట వాడిన మాండొలిన్ ఒకటి చూశాం. మెరుపు లేదు, ఒక మూల రంగు పోయింది, మెడ మాత్రం లావు. "ఈ మెడ వల్లే ఎవరూ తీసుకోవట్లేదు" అని అమ్మేవాళ్లే ధర తగ్గించారు. తమ్ముడు పావుగంట అన్నాడు గానీ ముప్పావుగంట వాయించాడు. లేచాక చెయ్యి దులుపుకోలేదు.

ఇప్పుడు వాళ్ల అమ్మమ్మ నాట్లప్పుడు పాడే పాటను తీగ మీద వెతుకుతున్నాడు. ఇంకా సగమే దొరికింది. కాలేజీలోనో, షాపులోనో ఎవరైనా "మీ చేతులకు ఇది రాదు" అంటే ఒక్కసారి ఆ వస్తువును తిప్పి చూడండి. అది ఎవరి చేతి కొలతకు చేసిందో అడగండి. మీ దగ్గర ఎలాంటి మెడ ఉందో, చేతికి ఎలా ఉందో కింద రాయండి. జోహార్.