ప్రోబ్ ఎవరి చేతిలో? అలిపిరి రోడ్డు నుంచి గ్లాస్గో దాకా



ఈ రోజు ఎపిసోడ్ ఒక రోడ్డు మీద మొదలుపెడదాం. తిరుపతిలో అలిపిరి రోడ్డు. బయట ఊళ్ళవాళ్ళకి అలిపిరి అంటే గుర్తొచ్చేది మెట్ల దారే. పాదాల మండపం, టెంకాయలు, గోవింద నామాలు, అక్కడి నుంచి 3,550 మెట్లు. కానీ చిత్తూరు, కడప, నెల్లూరు వైపు వాళ్ళకి ఈ రోడ్డు ఇంకో రకంగా కూడా తెలుసు. ఇది ఆసుపత్రుల రోడ్డు. 1960లో ఎస్వీ మెడికల్ కాలేజీ వచ్చింది, దానికి అనుబంధంగా రుయా ఆసుపత్రి. 1980ల్లో టీటీడీ బర్డ్ ఆసుపత్రి పెట్టింది. 1993లో స్విమ్స్ మొదలైంది, 1995లో అది యూనివర్సిటీ అయ్యింది. 2021లో చిన్నపిల్లల గుండె జబ్బుల కోసం శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచారు.

ఈ ఆసుపత్రుల్లో డాక్టర్లు, నర్సులతో పాటు ఇంకో గుంపు కనబడుతుంది. తెల్ల కోటు వేసుకుని, మెడలో ఐడీ కార్డుతో తిరిగే ఇరవై ఏళ్ళ పిల్లలు. మెడికోలు అనుకుంటాం. చాలామంది కాదు. వాళ్ళు అలైడ్ హెల్త్ స్టూడెంట్లు. ఇంటర్ బైపీసీ అయ్యాక ఎంబీబీఎస్ సీటు రాక, లేదా కావాలనే, బీఎస్సీ రేడియోగ్రఫీ ఇమేజింగ్, బీఎస్సీ కార్డియోవాస్కులర్ టెక్నాలజీ లాంటి కోర్సుల్లో చేరినవాళ్ళు.

ఈ పిల్లల్లో, వాళ్ళ ఇళ్ళల్లో తిరిగే ప్రశ్న ఒకటుంది. "అమెరికాలో అల్ట్రాసౌండ్ టెక్నీషియన్ అంటే మంచి జీతం అంట కదా. మరి ఇక్కడ గర్భిణి స్కాన్ టెక్నీషియన్ ఎందుకు చెయ్యడు? అన్నిటికీ డాక్టరే ఎందుకు?" దీనికి సిలబస్‌లో జవాబు దొరకదు, చరిత్రలో దొరుకుతుంది. అందులో ఒక బాయిలర్ ఫ్యాక్టరీ ఉంది, ఒక ఓడల కార్ఖానా ఉంది, పుట్టకుండా పోయిన లక్షల ఆడపిల్లలు కూడా ఉన్నారు.

ముందు మెషీన్ సంగతి రెండు నిమిషాల్లో చూసేద్దాం. మన చెవికి 20 వేల హెర్ట్జ్ దాకా వినబడుతుంది. స్కాన్‌లో వాడేది లక్షల్లో ఉంటుంది. పొట్ట స్కాన్‌కి సుమారు 2 నుంచి 5 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకి 20 నుంచి 50 లక్షల కంపనాలు. చేతిలో పట్టుకునే పరికరం పేరు ప్రోబ్. అది శబ్దాన్ని ఒంట్లోకి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. మెత్తటి కండరంలో శబ్దం సెకనుకి సుమారు 1,540 మీటర్లు పోతుంది. పది సెంటీమీటర్ల లోతులో ఉన్న అవయవం నుంచి ప్రతిధ్వని రావాలంటే, పోనూ రానూ కలిపి సుమారు 130 మైక్రోసెకన్లు. ఆ టైమ్‌ని బట్టి లోతు లెక్కగట్టి, స్క్రీన్ మీద చుక్క పెడతారు. చల్లగా జెల్ రాసేది ఎందుకంటే, ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య గాలి ఉంటే శబ్దం అక్కడే తిరిగి వెనక్కి కొట్టేస్తుంది, లోపలికి పోదు.

ఇప్పుడు స్కాట్లాండ్ పోదాం. 1955, గ్లాస్గో. ఇయాన్ డొనాల్డ్ అని గర్భకోశ వ్యాధుల ప్రొఫెసర్. ఆ ఊరి దగ్గర రెన్‌ఫ్రూలో బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ అని బాయిలర్లు చేసే కంపెనీ. అక్కడ ఇనుములో లోపల పగుళ్ళు ఉన్నాయా లేదా చూడటానికి శబ్దంతో పనిచేసే మెషీన్ ఉండేది. డొనాల్డ్ ఏం చేశాడంటే, ఆపరేషన్‌లో తీసిన గడ్డల్ని కారు డిక్కీలో వేసుకుని ఆ ఫ్యాక్టరీకి పోయాడు! నీటి గడ్డ ఒక రకంగా, గట్టి గడ్డ ఇంకో రకంగా ప్రతిధ్వని ఇస్తుందని అక్కడ తేలింది.

గుండె విషయంలోనూ ఇదే కథ. స్వీడన్‌లో ఇంగే ఎడ్లర్ అనే డాక్టర్, హెల్ముత్ హెర్ట్జ్ అనే ఫిజిక్స్ మనిషి కలిసి, మాల్మో ఓడల కార్ఖానాలో ఇనుము పరీక్షించే మెషీన్‌ని చూసి, 1953లో గుండె కదలికల్ని రికార్డు చేశారు. మనం ఇప్పుడు 'ఎకో' అనేదానికి పునాది అదే.

మళ్ళీ గ్లాస్గో. మన ఇంజనీర్లకి నచ్చే క్యారెక్టర్ ఇక్కడ వస్తాడు: టామ్ బ్రౌన్. కెల్విన్ అండ్ హ్యూస్ కంపెనీలో కుర్ర ఇంజనీరు. ఇనుము మెషీన్‌ని ఎవరో ప్రొఫెసర్ మనుషుల మీద వాడుతున్నాడని విని, ఫోన్ డైరెక్టరీలో నంబరు వెతికి తనే ఫోన్ చేశాడు. డొనాల్డ్, జాన్ మెక్‌వికార్ అనే ఇంకో డాక్టర్, ఈ బ్రౌన్, ముగ్గురూ కలిసి 1958 జూన్‌లో లాన్సెట్ పత్రికలో పేపర్ వేశారు. ఆ రోజుల్లో ఒకావిడకి కడుపులో నయం కాని క్యాన్సర్ అని వేరే డాక్టర్లు తేల్చేశారు. వీళ్ళ స్కాన్‌లో అది అండాశయం మీద నీటి గడ్డలా కనబడింది. ఆపరేషన్ చేసి తీసేశారు, ఆవిడ బతికింది.

ఇక్కడొక చిన్న విషయం ఉంది, మన టాపిక్‌కి అదే కీలకం. బ్రౌన్‌కి ఒక అనుమానం పట్టుకుంది. ప్రోబ్‌ని చేత్తో తిప్పుతున్నాం కదా, తిప్పే మనిషిని బట్టి బొమ్మ మారిపోతే? అందుకే 1960 నాటికి ప్రోబ్‌ని తనంతట తానే కదిపే ఆటోమేటిక్ స్కానర్ తయారుచేశాడు. మనిషి చెయ్యే తప్పులకి కారణం అయితే చేతినే తీసేద్దాం అని. మనం కోడింగ్‌లో చేసేదీ అదేగా. కానీ చివరికి గెలిచింది చెయ్యే. మెషీన్లు చిన్నవై, బొమ్మ అప్పటికప్పుడు స్క్రీన్ మీద కదలడం మొదలయ్యాక, ప్రోబ్ మళ్ళీ మనిషి చేతిలోకే వచ్చింది. ఎందుకంటే ప్రతి ఒళ్ళూ వేరు. బిడ్డ కదులుతుంది, గుండె కొట్టుకుంటుంది, ఊపిరితిత్తి అడ్డొస్తుంది. వాటికి తగ్గట్టు చెయ్యి సర్దుకోవాలి.

ఎంత సర్దుకోవాలో ఒక లెక్క చూద్దాం. గుండె నుంచి రక్తం బయటికి వెళ్ళే కవాటం సన్నబడిపోయిన పేషెంట్. రక్తం అక్కడ సెకనుకి 4 మీటర్ల వేగంతో చిమ్ముతోంది. వేగాన్ని వర్గం చేసి నాలుగుతో గుణిస్తే ఒత్తిడి తేడా వస్తుంది: 64. డాక్టర్ల లెక్కలో 4 మీటర్లంటే తీవ్రమైన జబ్బు, ఆపరేషన్ గురించి ఆలోచించాల్సిందే. ఇప్పుడు స్టూడెంట్ చెయ్యి 30 డిగ్రీలు పక్కకి వంగింది అనుకోండి. ఇంటర్‌లో చదివిన కాస్ థీటా గుర్తుందా? కాస్ 30 అంటే 0.87. మెషీన్ 4కి బదులు సుమారు 3.5 చూపిస్తుంది. ఒత్తిడి 64 కాస్తా 48కి దిగుతుంది. తీవ్రం కాస్తా 'మధ్యస్థం' అయిపోయింది. పేషెంట్‌ని మందులిచ్చి ఇంటికి పంపేస్తారు. మెషీన్ బాగానే ఉంది, సాఫ్ట్‌వేర్‌లో బగ్ లేదు. తేడా అంతా మణికట్టులో ఉంది.

అందుకే ఈ చదువు పుస్తకంతో రాదు. పేషెంట్‌ని ఎడమ పక్కకి ఎలా పడుకోబెట్టాలి, ఏ పక్కటెముకల సందులో ప్రోబ్ పెట్టాలి, ఎక్కడ జరపాలి, ఎక్కడ వంచాలి, ఎక్కడ అక్కడే ఉంచి తిప్పాలి, ఎంత నొక్కాలి, ఇవన్నీ పక్కన సీనియర్ నిలబడి చూస్తుండగా వందలసార్లు చేస్తేనే వస్తాయి. ముందు బొమ్మల మీద, తర్వాత ఆరోగ్యంగా ఉన్న క్లాస్‌మేట్ మీద, ఆ తర్వాతే పేషెంట్ మీద. చేసిన ప్రతి కేసూ లాగ్ బుక్‌లో ఎక్కాలి.

మరి అమెరికాలో ఈ పని టెక్నీషియన్‌కి ఎలా వచ్చింది? అక్కడ మొదట్లో ఎక్స్‌రే టెక్నీషియన్లు, నర్సులు మెషీన్ పక్కనే నిలబడి నేర్చుకున్నారు. 1970లో వాళ్ళు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. 1975లో పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే రిజిస్ట్రీ వచ్చింది. పేరు 'సోనోగ్రాఫర్'. స్కాన్ చేసేది సోనోగ్రాఫర్, బొమ్మలు చూసి రిపోర్ట్ ఇచ్చేది డాక్టర్. బ్రిటన్‌లో కూడా రేడియోగ్రాఫర్లు, మిడ్‌వైఫ్‌లు పైచదువు చదివి స్కాన్ చేస్తారు.

మన దేశంలో కథ వేరే దారి పట్టింది. ఆ దారి ఎటు పోయిందో ఈ అంకెలు చెబుతాయి. ఆరేళ్ళలోపు పిల్లల్లో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకి ఆడపిల్లలు, జనాభా లెక్కల ప్రకారం: 1981లో 962. 1991లో 945. 2001లో 927. 2011కి 920 కంటే కిందకి.

1970ల్లో ఉమ్మనీరు పరీక్షతో కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం మొదలైంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వద్దంటే ప్రైవేటులో పెరిగింది. తర్వాత అల్ట్రాసౌండ్ వచ్చింది. సూది అక్కర్లేదు, నొప్పి లేదు, చవక, వ్యాన్‌లో పెట్టుకుని ఊరూరా తిరగొచ్చు. తల్లీబిడ్డల్ని కాపాడటానికి వచ్చిన మెషీన్‌తోనే ఆడబిడ్డల్ని ఏరిపారేశారు. 1988లో మహారాష్ట్ర ముందుగా చట్టం చేసింది. 1994లో పార్లమెంటు చేసింది, 1996 జనవరి 1 నుంచి అమలు. చట్టం ఉంది కానీ కాగితం మీదే ఉందని 2000లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది, కోర్టు గట్టిగా ఆదేశాలిచ్చింది. 2003 సవరణలతో ఇప్పుడు మనం పీసీపీఎన్‌డీటీ అని పిలిచే చట్టం తయారైంది.

స్కాన్ సెంటర్లో గోడ మీద తెలుగులో బోర్డు చూసుంటారు, ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు అని. ఆ బోర్డు ఈ చట్టం పెట్టించిందే. బిడ్డ ఆడో మగో మాటతో గానీ, సైగతో గానీ, ఇంకే రకంగా గానీ చెప్పకూడదు. ప్రతి గర్భిణికీ ఫారం ఎఫ్ నింపాలి. రిజిస్టర్ కాని సెంటర్‌కి మెషీన్ అమ్మకూడదు. మొదటిసారి తప్పుకే మూడేళ్ళ దాకా జైలు. ఇక మన ప్రశ్నకి జవాబు: గర్భిణి స్కాన్ చేసేది అర్హత ఉన్న డాక్టరే అయ్యుండాలి. 2014 రూల్స్ ప్రకారం ఎంబీబీఎస్ చదివిన డాక్టర్ కూడా అందుకు 300 గంటల శిక్షణ తీసుకుని, లాగ్ బుక్ నింపి, పరీక్ష పాస్ కావాలి.

అంటే టెక్నీషియన్ తెలివి తక్కువవాడని చట్టం అనుకుందా? నాకు అర్థమైనంతలో విషయం అది కాదు. డాక్టరుకి మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉంటుంది. తప్పు చేస్తే దాన్ని సస్పెండ్ చెయ్యొచ్చు, పేరు కొట్టేయొచ్చు. చట్టంలో ఆ శిక్ష కూడా రాశారు. మరి ఆ రోజుల్లో టెక్నీషియన్‌కి? దేశం మొత్తానికి ఒక కౌన్సిల్ లేదు, ఒక రిజిస్టర్ లేదు. ప్రోబ్ పట్టాలంటే చేతికి నేర్పు ఉంటే చాలదు, ఆ చెయ్యి ఎవరికో ఒకరికి జవాబు చెప్పేదై ఉండాలి. అమెరికా సోనోగ్రాఫర్లు 1970ల్లో కట్టుకున్నది సరిగ్గా ఈ రెండోదే.

దీనికి మనం కట్టే మూల్యం కూడా ఉంది, దాచాల్సిన పని లేదు. డాక్టర్ ఉంటేనే స్కాన్. డాక్టర్ లేని ఊరి గర్భిణి బస్సెక్కి తిరుపతికో, చిత్తూరుకో రావాలి. రోజు కూలి పోతుంది, తోడు ఒక మనిషి కావాలి. ఒక పక్క పుట్టాల్సిన ఆడపిల్ల, ఇంకో పక్క స్కాన్ అందని తల్లి. చట్టం మొదటి ప్రాణాన్ని కాపాడటానికి ఈ తలుపు మూసింది. దాన్ని ఎంత తెరవాలి అనేది ఇంకా నడుస్తున్న చర్చ.

ఇందులో ఒక మలుపు 2021లో వచ్చింది. అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ జాతీయ కమిషన్ చట్టం. ఈ వృత్తులకి రిజిస్టర్ ఉండాలని మొదటిసారి దేశం మొత్తానికి చెప్పింది. డిప్లొమా స్థాయికైనా కనీసం 2,000 గంటలు, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ డిగ్రీకి 3,600 గంటలు చదువు ఉండాలంది. ఆ చట్టం జాబితాలో 'డయాగ్నస్టిక్ మెడికల్ సోనోగ్రాఫర్' అనే పేరు కూడా ఉంది. దీంతో గర్భిణి స్కాన్ రూల్ మారిపోలేదు. కానీ జవాబు చెప్పే చెయ్యి అనే ఆ రెండో ముక్కకి పునాది పడింది.

అందాకా, ఈ కోర్సు చదువుతున్న పిల్లలకి తలుపులన్నీ మూసి లేవు. ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ ఉన్నాయి. గుండె ఎకోలో చాలా ఆసుపత్రుల్లో ప్రోబ్ పట్టేది టెక్నీషియనే, రిపోర్ట్ మీద సంతకం కార్డియాలజిస్టుది. పైన మనం వేసిన 64, 48 లెక్క వీళ్ళ చేతిలోదే.

ఇంటర్ అయిపోయి ఇలాంటి కోర్సు చూస్తున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట. ఫీజు అడిగే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. కోర్సు ఏ యూనివర్సిటీ కింద ఉంది? శిక్షణ ఏ ఆసుపత్రిలో, వారానికి ఎన్ని గంటలు? పక్కన నిలబడి నేర్పేది ఎవరు? చదువు అయ్యేలోపు లాగ్ బుక్‌లో నా చేత్తో చేసిన కేసులు ఎన్ని ఉంటాయి? "ఆరు నెలల్లో సర్టిఫికెట్, గర్భిణి స్కాన్లు మీరే చేసుకోవచ్చు" అని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి. వాళ్ళు మీకు అమ్ముతున్నది ఉద్యోగం కాదు, కేసు.

ఈసారి స్కాన్ గదిలో ఆ చల్లటి జెల్ తగిలినప్పుడు స్క్రీన్‌తో పాటు ప్రోబ్ పట్టుకున్న చేతిని కూడా ఒకసారి చూడండి. దాని వెనక వందల గంటలు ఉండాలి, ఒక రిజిస్టర్‌లో పేరు ఉండాలి. రెండూ ఉన్నాయా అని అడిగే హక్కు మనకుంది. ఇంట్లో బైపీసీ చదివే వాళ్ళు ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.