కాయకల్పం నుంచి టెలోమియర్ దాకా

ఢిల్లీలో మాలవీయ నగర్ దాటినప్పుడల్లా నాకు 1938 గుర్తొస్తుంది. ఆ ఏడాది 76 ఏళ్ళ మదనమోహన మాలవీయ, యవ్వనం తిరిగొస్తుందని తపసీ బాబా దగ్గర 40 రోజుల కాయకల్పం చేయించుకున్నారు. 1946లో, ముసలితనంలోనే కన్నుమూశారు.

ఇప్పుడు బాబా స్థానంలో జన్యువును కూర్చోబెడుతున్నారు. క్రోమోజోముల కొసలైన టెలోమియర్లు కణం విభజన చెందినకొద్దీ అరుగుతాయి. వాటిని మళ్ళీ పెంచేది టెలోమరేజ్. 2015లో లిజ్ పారిష్ అనే అమెరికన్ కొలంబియాలో ఆ జన్యువును తనకే ఎక్కించుకుంది. పోల్చిచూడటానికి రెండో మనిషి లేరు. పైగా సుమారు 90 శాతం క్యాన్సర్లలో టెలోమరేజ్ చురుగ్గా ఉంటుంది. చావు మరచిన కణమే క్యాన్సర్!

మా మేనమామ ఈ చికిత్సకు పెన్షన్ డబ్బు కడతానంటే ఒకటే అడిగాను: "రుజువేదీ మామయ్యా?" జవాబు రాలేదు. డబ్బూ కట్టలేదు.