ఋషియా? రిషియా? రుషియా?

బారసాలనాడు పళ్ళెములోని బియ్యముపై శిశువు పేరు వ్రాయుట మన యిండ్ల ఆచారము. ఆ పేరు 'ఋషి' యైనచో వ్రాయువానికి చిక్కు లేదు. తెలుగు వర్ణమాలలో దాని కొక యక్షరము సిద్ధముగా నున్నది. చిక్కంతయు పిలుచుటలోనే. అమ్మమ్మ 'రుషీ' యని పిలుచును. ఢిల్లీలో కాపురమున్న మేనమామ 'రిషి' యనును. ఆంగ్లలిపిలో వ్రాయవలసి వచ్చినప్పుడు ఈ తగవు తీర్చక తప్పదు. జనన పత్రమున నెక్కిన అక్షరక్రమము పాస్‌పోర్టు దాకా బిడ్డ వెంట వచ్చును గదా!

మన పెద్దలు భరద్వాజుడనియు, వసిష్ఠుడనియు ఋషుల పేర్లు పెట్టుకొనిరి గాని, ఒట్టి 'ఋషి' యను పేరు వారిలో అరుదు. 1973లో వచ్చిన 'బాబీ' చిత్రముతో ఋషి కపూర్ ప్రసిద్ధుడైన పిమ్మట ఇది దేశమంతట చెవులకు అలవడినది. 2022 అక్టోబరులో ఋషి సునాక్ బ్రిటన్ ప్రధాని యైనప్పుడు మన పత్రికలు పెక్కు 'రిషి' యనియే అచ్చువేసినవి. ఇంట అక్షర ముండగా ఆంగ్లలిపిని చూచి వ్రాయుట మాకు కొంత కష్టము కలిగించినది.

అసలు ధ్వని యేది? మాకు తోచినంతవరకు రెండును గావు. లోపల రేఫము గల స్వరమని దీనిని ప్రాతిశాఖ్యలు వర్ణించినవి. పాణినీయ శిక్ష మూర్ధన్యమనగా, ఋగ్వేద ప్రాతిశాఖ్య జిహ్వామూలమున పుట్టునన్నది. వేదము వల్లించువారిలోనే భేద మేర్పడినదనుట కిది చాలు. లోకవ్యవహారమున ఆ స్వరము ఏనాడో మాసిపోయినది. ప్రాకృతములలో ఋషి 'ఇసి' యయ్యెను. బుద్ధుడు తొలి ధర్మోపదేశము గావించిన సారనాథమునకు పాళిలో 'ఇసిపతన' మని పేరు. వృక్షము 'రుక్ఖ' మయ్యెను. శాతవాహనరాజైన కృష్ణుని పేరు నాసిక్ గుహా శాసనమున 'కణ్హ' యని యున్నది. ఒక్క అచ్చు ఒకచోట ఇకారముగను, ఒకచోట ఉకారముగను, ఒకచోట అకారముగను మారినదన్నమాట. పిమ్మట సంస్కృతమును చదువువారు పోయిన ధ్వనికి మారుగా హిందీ, వంగదేశములలో 'రి' యనిరి. మరాఠీ, ఒడియా, కన్నడ, తెలుగు నాడులలో 'రు' అనిరి. తమ వర్ణమాలలో ఆ యక్షరమే లేని తమిళులు 'ఇరుడి' యని సరిపెట్టుకొనిరి.

ఇచట నొక వింత. మన నోరు 'రు' అనుచుండగా మన ఛందస్సు ఉత్తరాదివారి పక్షము వహించినది. యతిమైత్రిలో ఉ ఊ ఒ ఓ లొక కూటము. ఋకారము చేరినది ఆ కూటమున గాదు, ఇ ఈ ఎ ఏ ల కూటమున. 'కృ'కు 'కి'తో యతి చెల్లును, 'కు'తో చెల్లదు. 'క్రుష్ణా' యని దేవుని పిలిచిన నోటితోనే పద్యము చెప్పబూనిన తెలుగువాడు వట్రసుడిని ఇకారపు చుట్టముగా నెంచవలసినదే! మరియొకటి: 'విక్రమము'లో మొదటి యక్షరము గురువు, 'వికృతి'లో లఘువు. మొదటిదానిలో నున్నది రేఫ యను హల్లు, రెండవదానిలో నున్నది అచ్చు. చెవి మరచిన భేదమును పద్యము నేటికిని దాచియుంచినది.

సంధి సంగతి ఇంకను సొగసు. మహా, ఋషి కలిసి 'మహర్షి' యైనప్పుడు ఇకారమును లేదు, ఉకారమును లేదు. ఒక్క రేఫమే నిలుచును.

ఊళ్ళ పేర్లలోను ఈ రెండు దారులు కానవచ్చును. విశాఖ తీరమున నున్నది 'రుషికొండ'. 1895లో జిడ్డు కృష్ణమూర్తి జన్మించిన మదనపల్లె చెంత నాయన విద్యాలయము 'రిషి వ్యాలీ'. దానికిని ఆ పేరు అచటి ఋషికొండ వలన వచ్చినదే.

తెలుగింట 'రుషి' యనుట తప్పని మేము చెప్పజాలము. 'రిషి' యనువారిని దిద్దుటయు తగదు. అయితే జన్మనక్షత్రమును బట్టి పేరు పెట్టువారు సిద్ధాంతిగారి నొకమాట అడుగవలసి యుండును. పంచాంగమున 'రీ' చిత్త నాల్గవ పాదమునకును, 'రూ' స్వాతి మొదటి పాదమునకును చెందినవి. రెండును తులారాశిలోనివే యగుట కొంత మేలు.