దుడ్లు మునిగిన ఓడ

మొన్న మా ఇంటికి టపాలో ఒక రాగి బిళ్ల వచ్చింది. రావలసిన దానికన్నా రెండు వందల ఏళ్లకు పైగా ఆలస్యంగా వచ్చింది.

అంగుళం వెడల్పు ఉంటుంది. ఒక వైపు రెండు సింహాలు జెండాలు పట్టుకుని నిలబడి ఉంటాయి, వాటి కింద 1808 అని ఉంటుంది. రెండో వైపు పారసీలో ‘దహ్ కాస్ దో ఫలూస్ అస్త్’, అంటే పది కాసులు రెండు ఫలూసులు అని. దాని అడుగున రోమన్ అంకెలో పది, పక్కన ‘క్యాష్’. ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధాని బజార్ల కోసం చేయించిన చిల్లర ఇది. అప్పటికి మా అనంతపురం కూడా ఆ రాజధానిలోనిదే. తయారైంది మాత్రం బర్మింగ్‌హామ్‌లో, మాథ్యూ బౌల్టన్ సోహో టంకసాలలో. ఎద్దు, గానుగ, సమ్మెట తప్ప మరో యంత్రం ఎరగని మా మెట్టకు ఆవిరియంత్రం కొట్టిన దుడ్లన్న మాట.

వీటిని పీపాల్లో నింపి ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అనే ఓడకెక్కించారు. 1809 జనవరిలో ఆ ఓడ మద్రాసుకు బయల్దేరింది. ఇంగ్లండు తీరం కూడా దాటలేదు. కెంట్ పక్కన గుడ్‌విన్ శాండ్స్ అని ఓడల్ని మింగే ఇసుక దిబ్బలున్నాయి. తుపాను గాలి దీన్ని తీసుకెళ్లి వాటి మీద పడేసింది. టన్నుల కొద్దీ కాసులు ఇసుకలో కూరుకుపోయాయి. డోవర్ రేవు పనులకని ఆ దిబ్బల ఇసుక తోడుతుంటే నాణేలు బయటపడ్డాయి. 1980లలో గజ ఈతగాళ్లు దిగి లక్షల్లో పైకి తెచ్చారు. నాణేలు పోగుచేసేవాళ్ల దగ్గర ఇవాళ కనిపించే 1808 నాటి పది కాసులు, ఇరవై కాసుల్లో చాలా వాటిది ఈ సముద్రపు నలుపే. బజారులో అరిగినవి కావు, ఉప్పునీళ్లు కొరికినవి.

ఓడ మునగడం వింతేమీ కాదు, ఆ రోజుల్లో ఓడలు మునుగుతూనే ఉండేవి. నన్ను పట్టుకుని వదలనిది వేరే సంగతి. మా జేజి వీటిని చూసుంటే పేరు పెట్టి పిలిచేది. ‘దుడ్లు’ అనేది.

అనంతపురంలో మేం డబ్బు అనం, దుడ్లు అంటాం. కన్నడ దేశం పక్కనే ఉన్నాం కాబట్టి అక్కడినుంచి వచ్చిందని కొట్టిపారేస్తారు. వాళ్లూ దుడ్డు అంటారు, నిజమే. అయితే కోస్తావాళ్లు ‘డబ్బు’ అంటారు, తెలంగాణవాళ్లు ‘పైసలు’ అంటారు. మూడూ ఒకప్పటి రాగి చిల్లర పేర్లే. వరహా పేరో మొహరీ పేరో ధనానికి ఎక్కలేదు. బీదవాడి చేతిలో ఆడిన నాణెం పేరే నిలబడింది. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ‘డబ్’ అన్న మాటను తెలుగునుంచి తెచ్చి, అదీ దుడ్డూ ఒకటేననీ, విలువ ఇరవై కాసులనీ చెబుతుంది. అంటే మునిగిన ఓడలో ఉన్నవి అక్షరాలా డబ్బులూ దుడ్లూ.

ఇక నాణెం మీది ‘క్యాష్’ మాటకొస్తే, అదీ మనదే. కాసు పోర్చుగీసువాళ్ల నోట్లో పడి, ఇంగ్లీషువాళ్ల చెవికెక్కి అలా మారింది. రొక్కం అనే అర్థంలో వాళ్లు వాడే క్యాష్ వేరు, దాని పుట్టుక డబ్బుపెట్టె అనే అర్థమున్న ఐరోపా మాటలో ఉంది. ఎక్కడెక్కడో పుట్టిన రెండు మాటలు ఒకే గల్లాపెట్టెలో పడి ఒకటైపోయాయి. ‘నాణ్యం’ కథ కూడా ఇలాంటిదే. మొదట దాని అర్థం నాణెం. చెల్లే నాణెంలా ఉంటే నాణ్యమైన సరుకు. ఇవాళ కందిపప్పుకు కూడా నాణ్యం చూస్తున్నాం.

వెనక్కి వెళ్తే విజయనగర వరహాలున్నాయి, అచ్యుతరాయల నాణెం మీద రెండు తలల గండభేరుండం ఉంది, 1565 తర్వాత రాజధాని మా పెనుకొండకు వచ్చింది. వాటి మీద పుస్తకాలే వచ్చాయి, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నా మనసు 1800 దగ్గరే తచ్చాడుతుంది.

ఆ ఏడు నిజాం మా ప్రాంతాన్ని కంపెనీకి అప్పజెప్పాడు. దత్త మండలాలు అని పేరు పడింది. ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు, 1807 దాకా ఉన్నాడు, కొంతకాలం అనంతపురంలోనే మకాం వేశాడు. ఆయన మీద అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారంటే ఈ నేలకు ఆయనెంత దగ్గరయ్యాడో చూడండి. 1827లో పత్తికొండలో కలరాతో పోతే, ముందు పూడ్చింది మా గుత్తిలోనే.

ఆయన శిస్తు లెక్కలు చూసిన గుమాస్తాల మీద నాకు జాలి. మద్రాసు లెక్కలో ఒక వరహాకు నలభై రెండు ఫణాలు, ఫణానికి ఎనభై కాసులు. ఒక్క వరహాకు 3,360 కాసులు! పైగా రైతు తెచ్చేది ఒకే రకమైతే కదా. స్వామి వరహాలు, నక్షత్రం ఉన్న స్టార్ పగోడాలు, హైదరలీ నాణేలు, టిప్పు సుల్తాన్ రాగి పైసలు. ప్రతిదానికీ ఒక ధర, ప్రతి ఊళ్లో ఒక వట్టం. రాతి మీద మోగించి, ఒరిపిడి చూసి, ‘ఇది అరిగింది, ఇంత తగ్గిస్తా’ అనే షరాబుకు ఏ కలెక్టరుకూ లేనంత దర్జా ఉండేది. వానలేక పండింది అంతంతమాత్రం, అందులో షరాబు తీసుకునేదొకటి.

టిప్పు పైసల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. గుత్తి కోటలో టిప్పుకు ఒక టంకసాల ఉండేది. గుత్తికి ఆయన పెట్టిన పేరు ఫైజ్ హిసార్. ఆ పేరుతో, ఏనుగు బొమ్మతో రాగి పైసలు కొట్టించాడు. ఇవాళ కోట ఎక్కేవాళ్లు మరాఠా సర్దారు మురారిరావు కూర్చున్న చోటు చూస్తారు, బావులు చూస్తారు, కింద తెల్లదొరల సమాధులు చూస్తారు. టంకసాల ఎక్కడని అడిగేవాళ్లు నాకింతవరకు తగల్లేదు. సొంత నాణెం కొట్టుకున్న ఊరు, పదేళ్లు తిరక్కుండా బర్మింగ్‌హామ్ చిల్లర కోసం ఎదురుచూసే స్థితికి వచ్చింది. పోయింది ఒక కొలిమి మాత్రమే కాదు. మన చేతి దెబ్బ, మన చేతి వంకర, నాణేనికి నాణేనికి పోలిక కలవని అందం పోయాయి. సోహో బిళ్లలన్నీ కవలపిల్లలు. చూడముచ్చటగా ఉంటాయి, కానీ ఒక్కదానికీ సొంత మొహం ఉండదు.

కంపెనీని మరీ ఆడిపోసుకోలేను. 1807-08లో మద్రాసు టంకసాల వెండి అర వరహా, పావు వరహా కొట్టింది. వాటి మీద ఒక వైపు గుడి గోపురం, చుట్టూ చుక్కలు, రెండో వైపు తామరలోంచి లేచే విష్ణుమూర్తి. ఇంగ్లీషు, పారసీలతో పాటు తమిళంలో, తెలుగులో కూడా విలువ రాశారు. వెండి ఎక్కడిదంటే, చాలా వాటికి స్పెయిన్ డాలర్లను తీసుకుని వాటి మీదే కొత్త ముద్ర కొట్టారు. జాగ్రత్తగా తిప్పి చూస్తే గోపురం సందులోంచి స్పెయిన్ రాజు నాణెపు గీతలు తొంగిచూస్తాయి. అమెరికా ఖండాల గనుల వెండి మీద తెలుగు అక్షరం! ఇది గనక నా చేతికి వస్తే మరో వ్యాసం రాస్తాను. ధర వింటే మాత్రం నేను రాసేలా లేను.

ఈ పోగుచేసే పిచ్చి మనవాళ్లకు ఎప్పుడు పట్టింది? కర్నల్ కాలిన్ మెకంజీ దక్షిణ దేశాన్ని సర్వే చేస్తూ ఊరూరా కైఫీయత్తులు రాయించాడు కదా. ఆయన వెంట తిరిగింది ఏలూరి అన్నదమ్ములు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. కరణం ఇంటి అరుగు మీద కూర్చుని, ఊరి చరిత్ర అడిగి, తాటాకులు విప్పించింది వాళ్లు. మెకంజీ 1821లో పోయాక విల్సన్ అనే పండితుడు పట్టీ వేస్తే ఆ సంపదలో నాణేలే 6,218 తేలాయి. దానికి మెకంజీ సేకరణ అని పేరు. నాకు అడిగే హక్కుంటే కావలివారి సేకరణ అని కూడా రాయమంటాను. బొర్రయ్య 1803లోనే చిన్నవయసులో పోయాడు. గడప దగ్గర నిలబడి ‘అవ్వా, పాత రూకలేమన్నా ఉన్నాయా’ అని తెలుగులో అడిగిన గొంతు లేకపోతే ఏ కర్నలుకైనా అన్ని నాణేలు దొరికేవా? తర్వాత గుంటూరు వైపు పనిచేసిన వాల్టర్ ఇలియట్ దక్షిణ దేశపు నాణేల మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. అది వచ్చేనాటికి ఆయన చూపు దాదాపు పోయింది.

ఆ తర్వాతి కథ గబగబా నడుస్తుంది. 1818లో మద్రాసులో వరహా పోయి రూపాయి లెక్క వచ్చింది, 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి, 1869లో మద్రాసు టంకసాల మూతపడింది. నాణేలిక కలకత్తా నుంచి, బొంబాయి నుంచి రావలసిందే.

ఒక్క 1877 దగ్గర మాత్రం ఆగాలి. అప్పటిదాకా నాణెం మీద ‘విక్టోరియా క్వీన్’ అని ఉండేది. ఆ ఏడు జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి ఆమెను చక్రవర్తిని చేశారు, నాణెం మీద ‘ఎంప్రెస్’ వచ్చింది. సరిగ్గా అప్పుడే మా జిల్లాలో ధాత కరువు. రిచర్డ్ టెంపుల్ దొర కరువు పనుల కూలీ కోసి, మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, పైన కాస్త చిల్లర అని తేల్చాడు. ఆ చిల్లరలో కొత్తగా మెరిసే ఎంప్రెస్ బొమ్మ కూడా ఉండి ఉంటుంది. 1877 పావణా ఒకటి నా దగ్గరుంది. పెద్ద ధర పలికేది కాదు. అయినా దాన్ని తక్కినవాటితో కలిపి పెట్టలేకపోతున్నాను.

ఇక పంది రూపాయి. 1911లో అయిదో జార్జి రూపాయి వచ్చింది. రాజుగారి అంగీ మీద ఏనుగు బొమ్మ ఉంటుంది, దాని తొండం పొట్టిగా పడి జనానికి పందిలా కనిపించింది. ముస్లింలకు కోపం వచ్చింది. విడుదలైనవి కొన్ని లక్షలే, మిగిలినవి కరిగించి 1912లో ఏనుగుకు తొండం సరిచేశారు. నాకు నవ్వొచ్చే సంగతేమిటంటే, వరహా అనే మాటే వరాహం నుంచి వచ్చింది. వందల ఏళ్లు పంది పేరున్న బంగారాన్ని కళ్లకద్దుకున్న నేల మీద, పంది అనిపించిన వెండి నిలవలేకపోయింది. టిప్పు గుత్తిలో చెక్కించిన ఏనుగును చూసుంటే రాజుగారి శిల్పికి ఈ అవమానం తప్పేది.

అంతకు కొద్ది ముందు, ఏడో ఎడ్వర్డు కాలంలో అంచు వంకీలున్న అణా వచ్చింది. దాని మీద ఉర్దూ, నాగరి, బెంగాలీలతో పాటు తెలుగు. తమిళం లేదు, కన్నడం లేదు. ‘ఒక అణా’ అని మన గుండ్రటి అక్షరాల్లో ఉంటుంది. తెల్లవాడి రాజ్యంలో బొంబాయి టంకసాల తెలుగు కొట్టింది. మన రాజ్యం వచ్చాక, 1950 నుంచి, నాణెం మీద హిందీ, ఇంగ్లీషు మాత్రమే. నోటు మీద మనకో చిన్న వరస ఇచ్చారు, బిళ్ల మీద అదీ లేదు. దీనికి ఎవరూ ధర్నా చేయలేదు, గమనించారనీ అనుకోను.

1957 ఏప్రిల్‌లో నయా పైసలొచ్చి అణాలు పోయాయి. నోట్లో మాత్రం పోలేదు. ఇప్పటికీ పదహారణాల తెలుగు పిల్ల అంటాం, దమ్మిడీ ఆదాయం లేదు క్షణం తీరిక లేదు అంటాం. 2011లో పావలా చెల్లకుండా పోయినా, తెలివి తక్కువవాణ్ణి పావలా తక్కువ అనడం మానలేదు. కంసాలి దగ్గర కాసు బంగారం అంటే ఎనిమిది గ్రాములు, అది బ్రిటిష్ సవరను తూకమే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి మధ్యలో బొక్క పెట్టి తెచ్చిన చిల్లు కానీలను పిల్లల మొలతాళ్లకు కట్టారు. మా పక్క తండాల్లో సుగాలి ముసలమ్మల రవికెల మీద, జడల మీద రాణులూ రాజులూ చాలాకాలం వేలాడారు. ఈ జిల్లాలో అసలైన నాణేల ప్రదర్శన అదే, అద్దాల పెట్టె లేకుండా. ఇప్పుడు ఆ వెండి చాలావరకు కుంపట్లోకి వెళ్లింది.

పాత బిళ్ల ఇస్తే లక్షలిస్తామని ఫోనుల్లో వచ్చే ప్రకటనలు నమ్మకండి. రిజర్వు బ్యాంకే తన పేరు వాడుకుంటున్న మోసగాళ్ల గురించి 2021లో హెచ్చరించింది. నాణేలు దొరికేది అక్కడ కాదు. తొలకరి పడగానే వజ్రకరూరు వైపు జనం వజ్రాల కోసం తల వంచుకుని చేలల్లో తిరుగుతారు. వజ్రం ఎవరికో ఒకరికి తగులుతుంది. మట్టి కొట్టుకుపోయిన రాగి బిళ్ల తగిలినవాడు మాత్రం దాన్ని తుడిచి, ఒకసారి చూసి, పారేస్తాడు. నేను తిరిగేది ఆ పారేసిన దాని కోసం.

టపాలో వచ్చిన పది కాసులు జేబులో వేసుకుని ఆ సాయంత్రం పాతూరు గాంధీ బజారుకు వెళ్లాను. ఎంత ఆలస్యమైనా చేరవలసిన చోటుకు చేరింది కదా, ఒక్కసారి బజారు చూపిద్దామని. ఉడకబెట్టిన శెనక్కాయలు పది రూపాయలవి కట్టించుకుని, నోటుకు బదులు ఆ బిళ్ల చేతిలో పెట్టాను. బండి అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. సింహాల్ని చూశాడు. గోటితో గీకాడు.

“ఇది చెల్లదన్నా. దుడ్లుంటే ఇయ్యి, లేకుంటే ఫోన్‌పే కొట్టు” అన్నాడు.